గండికోట పతనము : భారము, భాగము

గండికోట పతనమును గూర్చి కడపమండలమున బహుకాలముగా వాడుకలోనున్న కథ యొకటి కలదు. గోలకొండ సుల్తానగు అబ్దుల్లా కుతుబుషాహునకు మంత్రియు సేనానియునైన మీరుజుమ్లా కోటను బలిమిచేఁ బట్టలేక, పెమ్మసాని చినతిమ్మానాయని మంత్రి పొదిలి లింగన్నను లోఁబఱచుకొని, అతనిచే నాయనికి విషము పెట్టించెనని యా కథ. ద్రోహి యొక్కఁడు దొరకెనేని చరిత్రకారునికి శ్రమ తగ్గును; అందుచేతనే కాఁబోలు నీ కథకు వ్యాప్తి హెచ్చు. విషప్రయోగము జరిగినదే యగుఁగాక. దానివలన రెండు ప్రశ్నలకు సమాధానము రాదు. మూఁడునెలలు ముట్టడింపఁబడియున్న కోటకు దక్షిణదేశపు నాయకులలో నొక్కఁడైనను తోడు రాకుండుటకుఁ గారణమేమి? ఆ కోటను గెలిచిన కూటమివారు తమ గెలుపును పట్టుమని పదియేండ్లయినను ఒక్కటిగా నిలుపుకొనలేకపోవుటకుఁ గారణమేమి? కూడి యుద్ధము చేయువారిలో భారము మోయువాఁ డొకఁడును, భాగము పొందువాఁడు వేఱొకఁడును అయినపుడు కలుగు పర్యవసానము గండికోటయందుఁ గోటకు లోపలను, వెలుపలను గూడఁ గనఁబడుచున్నది.

పలువురు రాజులు కలిసి దండెత్తునప్పుడు ఫలమును పంచుకొను విధమును కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున సప్తమాధికరణమునందు విచారించెను. లాభము నిశ్చితమైనచో నెవని కెంతయో ముందుగానే పేర్కొనవలెననియు, అనిశ్చితమైనచో వచ్చినదానిలో నింత పాలని యేర్పఱచుకొనవలెననియు నతని మతము. పాలు నిర్ణయించుటకు నతఁడు చెప్పిన మార్గములు నాలుగు. తెచ్చిన దండునుబట్టి యిచ్చుట యొకటి. పడిన ప్రయాసనుబట్టి యిచ్చుట దానికంటె నుత్తమము. ఎవనిచేతఁ జిక్కినది వానిదే యనుట మూఁడవది. పెట్టిన పెట్టుబడినిబట్టి యిచ్చుట నాలుగవది. ప్రయాసశబ్దమునకు మూలమగు యసుధాతువు దివాదిగణమునఁ బ్రయత్నార్థమునఁ బఠింపఁబడినది కావున, దానికి అలసట యని మాత్రమే యర్థము చెప్పరాదు. పూనిక యనియుఁ జెప్పవలెను. ఈ నాలుగు మార్గములును వేఱు వేఱు ఫలము లిచ్చునవి. ఒకే యుద్ధమునఁ గూడినవారు తలకొక మార్గము నాశ్రయించిరేని, శత్రువు చచ్చిన మఱునాఁడే వారిలో వారికి యుద్ధము తప్పదు.

దక్కను సుల్తానుల కీ సంగతి యనుభవమునఁ దెలియనిది కాదు. 1565వ సంవత్సరము జనవరి 23వ తేదిని జరిగిన రక్కసితంగడి యుద్ధమున అహమ్మదునగరపు హుసేన్ నిజాముషాహు నడుమను, విజాపురపు అలీ ఆదిలుషాహు కుడివైపునను, గోలకొండ ఇబ్రహీము కుతుబుషాహును బీదరు అలీ బరీదును ఎడమవైపునను నిలిచిరి. రామరాయల కెదురుగా నిలిచి పిరంగులచేఁ బోరు నడపినది నిజాముషాహు. సంధికై తన కూఁతురగు చాందుబీబీని ఆదిలుషాహున కిచ్చి, షోలాపురమును అరణముగా నొసఁగినవాఁడును అతఁడే. యుద్ధానంతరమున రాయచూరు, ముదిగల్లు విజాపురమునకుఁ జేరినవి. రామరాయలు మునుపు లాగుకొనిన కోవెలకొండ, పానగల్లు, ఘనపురములు గోలకొండకు మరలివచ్చినవి. అహమ్మదునగరపు సరిహద్దు విజయనగరరాజ్యమును తాఁకదు గావున, నడుమ నిలిచి దెబ్బ కాచినవానికి కొల్లసొమ్మే మిగిలెను. ఆ సుల్తానులు కొలఁదికాలమునకే మరల నొండొరులతోఁ గలహించిరి. ఎనుబదియేండ్ల తరువాత గండికోటవద్ద నడచిన కథకు నిది పూర్వరంగము.

ఇఁక కోటకు లోపలి పక్షము. విజయనగర సామ్రాజ్య మనునది నాయకుల సమవాయము. రాయలు నాయకునకు సీమ నిచ్చును; నాయకుఁడు రాయలకుఁ గప్పము గట్టి, నిర్ణీతసంఖ్యగల సైన్యమును పోషింపవలెను. ఏర్పఱచిన సంఖ్యను నిలుపని నాయకునికి శిక్ష కలుగునని పోర్చుగీసువాఁడగు నూనిజ్ 1535 ప్రాంతమున వ్రాసెను. అతఁడు కొందఱు నాయకుల లెక్కలనుగూడ నిచ్చియున్నాఁడు. చోళమండలము, నాగపట్టణము, తంజావూరు మున్నగు దక్షిణసీమల నేలిన సాళువనాయకుని యాదాయము 11 లక్షల వరహాలు. అందు మూఁడవవంతు రాయలకుఁ జెల్లును. అతఁడు నిలుపవలసినది 30,000 కాల్బలము, 3,000 గుఱ్ఱములు, 30 ఏనుఁగులు. ఉదయగిరి, కొండవీడు, పెనుగొండ, సిద్ధవటము మొదలగు ప్రదేశముల నేలిన తిమ్మప్ప యాదాయము 8 లక్షలు. అందు 3 లక్షలు రాయలవి. అతని సైన్యము 25,000 కాల్బలము, 1,500 గుఱ్ఱములు, 40 ఏనుఁగులు.

ఈ యంకెలను ప్రక్కప్రక్కను బెట్టి చూచిన, దక్షిణనాయకుఁడు లక్షవరహాల యాదాయమునకు సుమారు 2,727 మంది బంటులను నిలుపఁగా, ఉత్తరపుటెల్ల కాచువాఁడు 3,125 మందిని నిలుపవలసివచ్చినది. ఏనుఁగులలో నతని భారము దాదాపు రెట్టింపు. కప్పమునను మొదటివానిది మూఁడింట నొకటి, రెండవవానిది ఎనిమిదింట మూఁడు. గుఱ్ఱములలో మాత్రము దక్షిణనాయకుని పాలు హెచ్చు. నూనిజ్ గుఱ్ఱముల వర్తకుఁడు గావున ఆ లెక్కను శ్రద్ధతోనే వ్రాసియుండును. కావేరి నీటఁ బండు భూమికిని, పెన్నకు దిగువనున్న సిద్ధవటము వంటి వానతక్కువ సీమకును గల తారతమ్యము ఈ యంకెలలోఁ జేరలేదు. దానినిగూడఁ జేర్చుకొన్నచో భేదము మఱింత స్ఫుటమగును. అయినను ఈ యేర్పాటు చాలకాలము సాగెను. కారణము, ఎల్ల కాచువాని చేయి గట్టిపడినపుడెల్ల రాయల సొంతసేన వెన్నంటి వచ్చుచుండెను. రాయవాచకమున రణముఖమునఁ బేరుగాంచిన పెమ్మసాని రామలింగనాయఁడు వెనుకకుఁ దిరిగి చూచినచో నచట కృష్ణదేవరాయలే యుండెను.

గండికోట స్థానము నెఱిఁగినవారికి దీని ప్రయోజనము సులభముగా బోధపడును. ఎఱ్ఱమల కొండలను కోసికొని పెన్న ప్రవహించుచోట నేర్పడిన గండికి దక్షిణపుటొడ్డున, జమ్మలమడుగునకుఁ బడమటఁ గోట యున్నది. ఒకవైపున నదీగర్భమువఱకు నిలువున దిగిన కొండచఱియ, తక్కినవైపులఁ బ్రాకారము. లోపల మాధవరాయ, రఘునాథ దేవాలయములును, ధాన్యపుఁగొట్టమును, చెఱువులును గలవు. కృష్ణ దాఁటి దక్షిణమునకు వచ్చు సేన నంద్యాలసీమనుండి పెనుగొండకుఁ బోయినను, సిద్ధవటము మీఁదుగాఁ జంద్రగిరికిఁ బోయినను, ఈ కోటను శత్రువుల చేతఁ బెట్టి పోరాదు. కాఁబట్టి గండికోట కాపు వలని మేలు చంద్రగిరికిని, వేలూరికిని, సెంజికిని, తంజావూరికిని సమానము. దాని వ్యయము మాత్రము గండికోటసీమది.

పదునాఱవ శతాబ్ద్యంతమున నీ భారమును పలువురు పంచుకొన్న సందర్భ మొకటి కలదు. గోలకొండ మహమ్మదు కులీ కుతుబుషాహు దండెత్తివచ్చి గండికోటను గైకొని, సంజరుఖానుని కావలియుంచి, పెనుగొండను ముట్టడించెను. వేంకటపతిరాయలు సంధిమాటలతోఁ గొన్నినాళ్లు గడుపుచుండఁగా, జగదేవరాయఁడు మొదలగు నాయకులు సేనలతోను సామగ్రులతోను గోటలోఁ బ్రవేశించిరి. వానకాలము సమీపించెను. కృష్ణ పొంగినచోఁ దిరుగుదారి మూయఁబడునని సుల్తాను ముట్టడి విడిచెను. తరువాత గండికోటయు రాయలకు మరల వశమయ్యెను. జగదేవరాయనికి బారామహలు బహుమానముగా లభించెనని ప్రసిద్ధి. ప్రయాసనుబట్టి భాగమను కౌటిల్యుని యుత్తమపక్షమునకు విజయనగర చరిత్రలో నింతకంటెఁ జక్కని యుదాహరణము దొరకుట యరుదు. ఆ దండయాత్రలో గోలకొండతోఁ జేయి కలిపిన నంద్యాల కృష్ణమరాజు శిక్షింపఁబడెననియు, గండికోటసీమ పెమ్మసానివారికి దత్తమయ్యెననియు కైఫీయత్తులవలనఁ దెలియుచున్నది. ఈ కృష్ణమరాజే పింగళి సూరన కళాపూర్ణోదయమునకుఁ గృతిపతి. సీమ పోయినను కావ్యము నిలిచినది.

1642లో శ్రీరంగరాయలు సింహాసన మెక్కునాఁటికి స్థితి తాఱుమాఱైనది. 1614 మొదలు జరిగిన వారసత్వపు పోరులో మధుర, తంజావూరు, సెంజి నాయకులు చెఱియొక పక్షముఁ బట్టి, చక్రవర్తి యనువాఁడు తమ కత్తులవలన నిలుచువాఁడే యని తెలిసికొనిరి. అటుపై కప్పములు సన్నగిల్లినవి. శ్రీరంగరాయలు బకాయిలు రాఁబట్టి, సేన కూర్చి, ఉత్తరమున గోలకొండ నెదిరింపఁదలఁచెను. నాయకుల తలఁపు వేఱు. తాము ధన మిచ్చిన నాతఁడు గోలకొండను గెలుచును. గెలిచిన బలముతోఁ దమమీఁదికే వచ్చును. కావున నతని జయము తమకు నపజయమే యని వారు లెక్కించుకొనిరి. లెక్కలో దోషము లేదు. దానిలో గండికోట చేరకపోవుటయే లోపము. 1645 డిసెంబరులో వేలూరు చెంత విరించిపురముకడ నాయకులు తమ చక్రవర్తితోనే యుద్ధము చేసిరి. మధుర తిరుమలనాయఁడు గోలకొండవారిని శ్రీరంగరాయలమీఁదికిఁ బురికొల్పి, పిదప గోలకొండవారికి జడిసి విజాపురమువారి తోడ్పాటు గోరెను. వచ్చిన విజాపురసేన గోలకొండతోఁ గూడిపోయెను. తోడు బిలిచినవాఁడే కప్పము గట్టవలసినవాఁ డాయెను. మైసూరు కంఠీరవ నరసరాజు తన యెల్లలను బెంచుకొను యత్నములో నుండెను. ఈ పరిస్థితిలోఁ జినతిమ్మానాయని కెవరు తోడు రావలెను? లింగన్న పుట్టకపోయినను కోట యొంటరిదే.

ముట్టడించిన పక్షము నటుండనిచ్చి చూచిన, అచటను ఇట్టి వైషమ్యమే. 1636లో షాజహాను విజాపుర గోలకొండలచే సంధిపత్రములు వ్రాయించుకొనెను. ఉత్తరమున విస్తరించు నాస వారికిఁ దీఱినందున, రెండు రాజ్యములును దక్షిణమునకుఁ దిరిగినవి. విజాపురసేనాని రణదుల్లాఖాను 1637 మొదలుకొని ఇక్కేరి, బెంగుళూరు ప్రాంతములమీఁదఁ బడెను. గోలకొండసేన తూర్పుతీరమునుండి ఉదయగిరివైపునకు వచ్చెను. ఒండొరుల దారి కడ్డపడకుండుటకై వారు చేసికొన్న యొడంబడికలో, కర్ణాటకమున లభించు భూమిలోను ధనములోను రెండుపాళ్లు విజాపురమునకును, ఒకపాలు గోలకొండకును జెందవలెనని యుండెను. ఇది దండునుబట్టి యేర్పడిన పాలు. విజాపురము పెద్దరాజ్యము, దాని సేన పెద్దది. కాని యిట్టి నిష్పత్తిలో నొక చిక్కు కలదు. పాణిని యథాసంఖ్యసూత్రము సమసంఖ్యగల పదములకే వరుసతోడి యన్వయమును విధించును. ఒకవైపున మూఁడును మఱియొకవైపున రెండును ఉన్నచో నేది దేనితోఁ జేరవలెనో సూత్రము చెప్పదు. ధనమును మూఁడు కుప్పలు చేయవచ్చును. కోటను మూఁడుముక్కలు చేయుట యెట్లు?

మొదట విజాపురమునకే లాభము చేకూఱెను. 1647లో ముస్తఫాఖాను వేలూరుమీఁదికి రాఁగా శ్రీరంగరాయలు 50 లక్షల హొన్నులును 150 ఏనుఁగులును ఇచ్చి సంధి చేసికొనెనని విజాపురపు మహమ్మదునామా చెప్పుచున్నది. సెంజిసీమలో గోలకొండవారును ఉండిరి గాని, తుదకు ముట్టడిని విజాపురమునకు విడిచి ఉత్తరమునకు మరలిరి. ఆ ముట్టడి సాగుచుండఁగానే 1648 జులైలో షాహజీ నిర్బంధింపఁబడుటయు, నవంబరులో ముస్తఫాఖాను మరణించుటయు జరిగెను. డిసెంబరు కడపట సెంజి విజాపురమునకు లొంగెను. ధనధాన్యములతో నిండిన దక్షిణసీమ పెద్దపాలువానికిఁ బోఁగా, మీరుజుమ్లాకు మిగిలినది కొండలును, గండులును, గండికోటయును.

ఆ కోట పడిన సంవత్సరమును 1650 అనువారును 1652 అనువారును గలరు. 1652 సెప్టెంబరులో గండికోటలో మీరుజుమ్లాను దర్శించిన ఫ్రెంచి రత్నవర్తకుఁడు టావెర్నియే, తాను వచ్చుటకు నెనిమిదినాళ్లకు మునుపే మూఁడునెలల ముట్టడి ముగిసినదని వ్రాసెను. కనులారఁ జూచినవాని మాటకు బలము హెచ్చు. డచ్చికొలువు విడిచిన ఫ్రెంచివారును, ఇంగ్లీషు, డచ్చి, ఇటాలియను గోలందాజులును తోడ్పడకున్నచోఁ గోట చిక్కెడిది కాదని యతని యభిప్రాయము. కొండమీఁది కెక్కు త్రోవ యిఱుకు. ఒకప్రక్క అగాధము, దాని యడుగున నది. అట్టి త్రోవను పెద్దపిరంగులను నాలుగింటిని పైకిఁ జేర్చుటకై గోలందాజులకు మామూలు జీతమునకుఁ బైని నాలుగునెలల జీతమును మీరుజుమ్లా యిచ్చెను. పిరంగులు పైకి వచ్చి ద్వారము కూలినపిదప లోనివారు సంధి చేసికొని కోట నొప్పగించిరి. టావెర్నియే విషమును గూర్చి చెప్పలేదు. కాలానుగుణముగాఁ గూలి నిర్ణయించి, పనికిఁ దగినట్లు హెచ్చించి యిచ్చిన దిక్కడ నొక్కచోటనే. ఈ కథయందంతట ప్రయాసకుఁ దగిన ప్రతిఫలము నడుగకయే పొందినవారు ఆ పరదేశపు గోలందాజు లొక్కరే యనవచ్చును.

భార మింకొక దిక్కునకును బోయెను. 48 పౌనుల గుండ్లవి పదియు, 24 పౌనుల గుండ్లవి పదియు నగు పిరంగులను పోఁతపోయుటకై మీరుజుమ్లా దేవాలయములలోని రాగివిగ్రహములను దెప్పించి, మయే యను ఫ్రెంచివాని కొప్పగించెను. గండికోట గుడిలోని విగ్రహములు మాత్రము ఎంత కాచినను కరఁగలేదనియు, తుదకు మయే యొక్క పిరంగినైనను సరిగాఁ బోయలేకపోయెననియు టావెర్నియే వ్రాసియున్నాఁడు. కొలిమి చాలకపోయెనో, పనివాని మనసు రాకపోయెనో విచారింపవలసినదే గాని, ఏ యొడంబడికలోను జేరని గ్రామదేవాలయములు యుద్ధవ్యయమునఁ బాలుపంచుకొనె ననుట స్పష్టము.

కోట చిక్కినది, ఎవరిది? విజాపుర మొడంబడికను జూపెను. రెండుపాళ్లు మావి, సేన మాది పెద్దది యని వారి వాదము. మీరుజుమ్లా ప్రయాసను జూపెను: పిరంగులను గొండ కెక్కించినది తాను. అబ్దుల్లా కుతుబుషాహు పెట్టుబడిని జూపెను: సేనాని తన సేవకుఁడు, బొక్కసము తనది. చేతికిఁ జిక్కినది వానిదే యను మూఁడవ మార్గము వాదమున కెక్కకయే యాచరణమున నిలిచెను. కౌటిల్యుఁడు చెప్పిన నాలుగు మార్గములును ఒకే కోటకొఱకు ఒకేసారి ముందునకు వచ్చుట చిత్రమే. కర్ణాటకపు పాళ్లను గూర్చి విజాపుర గోలకొండలకు బహిరంగముగా వైరము పొడమెను. విజాపురసేనాని ఖాన్ మహమ్మదు పెనుగొండను బట్టుకొనెను. మీరుజుమ్లా గండికోటను విడువలేదు. అతని కర్ణాటకభూముల యాదాయము యేఁటికి 40 లక్షల రూపాయ లనియు, 5,000 గుఱ్ఱపుదళము నతఁడు సొంతముగాఁ బోషించెననియు లెక్క. సేవకుఁడు ప్రభువుకంటె బలిసెనని గోలకొండ దర్బారున గుసగుసలు బయలుదేఱినవి.

ఇంతలో నేమియు వ్యయపెట్టని వాఁడు పాలడుగ వచ్చెను. 1636 సంధిచొప్పున గోలకొండ డిల్లీకి ఏఁటేఁట 2 లక్షల హొన్నులు చెల్లింపవలెను. 1653లో దక్కనునకు సుబేదారుగా వచ్చిన ఔరంగజేబు, హొన్నువెల నాలుగురూపాయలనుండి నాలుగున్నరకును, ఐదింటికిని పెరిగినది గావున, వెనుకటి యేండ్ల తేడా 20 లక్షల రూపాయలు బాకీ యనెను. పాదుషా యనుజ్ఞలేక కర్ణాటకమును జయించుటయు నపరాధమే యనెను. వర్తకులకు వడ్డీకట్టుట నేర్పఁదగిన యుపాయమిది. కుతుబుషాహునకు ధనము గావలసివచ్చెను. ధనము మీరుజుమ్లా వద్ద నుండెను. 1655 నవంబరులో సుల్తాను మీరుజుమ్లా కొడుకగు మహమ్మదు అమీనును జెఱపెట్టెను. ఆ నెపమున ఔరంగజేబు 1656 ఆరంభమున గోలకొండను ముట్టడించెను. మీరుజుమ్లా మొగలుకొలువునఁ జేరి, ఆ సంవత్సరముననే డిల్లీలో వజీరయ్యెను. కర్ణాటకభూములు తన సేవకుఁడు తన సైన్యముతో గెలిచినవి గావున తనవే యని కుతుబుషాహు మొఱపెట్టుకొనెను. షాజహాను ఆ మొఱ నాలింపక, వానిని మీరుజుమ్లాకే జాగీరుగా స్థిరపఱచెను.

శ్రీరంగరాయ లప్పటికి మైసూరు నాశ్రయించి, పిదప ఇక్కేరి శివప్పనాయని యాదరమున బేలూరు చేరెను. విరించిపురమున నతని నోడించిన నాయకులలో సెంజివానికి రాజ్యమే లేదు. మధుర, తంజావూరు నాయకులు, మునుపు చక్రవర్తికి ఎగవేసిన కప్పమును విజాపురమునకుఁ గట్టుచుండిరి. రెండుపాళ్లు విజాపురమునకు, ఒకపాలు గోలకొండకు నని వ్రాసికొన్న యొడంబడిక రద్దు గాకుండఁగనే, గండికోట డిల్లీ జాగీరు లెక్కలోఁ జేరెను.